నాలుగో అధ్యాయం, ఇరవై మూడో లెక్క

పోయిన నెల ఆఫీసులో ఒక మాన్యువల్ చదువుతున్నాను. బ్యాంకుల మధ్య కంప్యూటర్లలో తిరిగే సందేశాలకు తాళం వేసే పద్ధతి గురించి. పద్ధతి చెప్పడానికి సులువు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలు తీసుకోవాలి, అంటే ఒకటీ తానూ తప్ప ఇంకేదీ భాగించలేనివి. వాటిని గుణించాలి. వచ్చిన లబ్ధాన్ని అందరికీ చూపించవచ్చు. లోపలి రెండు సంఖ్యలు మాత్రం తాళం వేసినవాడి దగ్గరే ఉంటాయి. సంఖ్యలు తగినంత పెద్దవైతే, లబ్ధంలోంచి వాటిని వెనక్కి రాబట్టడం ఎన్ని కంప్యూటర్లు పెట్టినా అయ్యే పని కాదు. పదకొండో పేజీలో జాగ్రత్తల పట్టిక ఉంది. అందులో మూడోది: రెండు ప్రధాన సంఖ్యలూ ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉండకూడదు.

ఆ మూడో జాగ్రత్త నాకు ముందే తెలుసు. సూర్యాపేటలో ఒక రేకుల షెడ్డులో, ఇంటర్ చదివే రోజుల్లో, మా లెక్కల సారు చేసిన తప్పులోంచి నేర్చుకున్నాను. సారు పోయి రెండేళ్ళయింది.

ఆయన జీవిత చరిత్ర నాకు తెలియదు. తెలిసినవి ఇవి.

తరగతి గదికి తాళం వేసి, పది అడుగులు నడిచి, వెనక్కి వచ్చి తాళాన్ని గుంజి చూసేవారు. హాజరు రెండుసార్లు పిలిచేవారు, రెండోసారి కింది పేరు నుంచి పైకి. సుద్దముక్కను విరిచి చిన్న సగంతో రాసేవారు. పెద్ద సగం జేబులోకి పోయేది. మరునాడు దాన్ని బయటకు తీసి మళ్ళీ విరిచేవారు. బోర్డు మీద లెక్క పూర్తికాగానే రెండడుగులు వెనక్కి జరిగి, జవాబు దగ్గర వేలు పెట్టి, ఒక్కో వరుసా పైకి ఎక్కుతూ ప్రశ్న దాకా సరిచూసేవారు.

"ఒక్కసారి రాస్తె రాసినట్టు గాదు రా. రెండోసారి సూస్తెనే రాసినట్టు."

మా ట్యుటోరియల్‌కు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో శాఖలు ఉండేవి. మూడింటికీ లెక్కలు చెప్పేది ఆయనే. వారంలో ఆరు రోజులూ బస్సులోనే. టికెట్ చేతికి రాగానే దాని నెంబరు చూసేవారు. ఒక సంఖ్యను ఇంకొకటి మిగులు లేకుండా భాగిస్తే మా దగ్గర 'పోతది' అంటారు. కండక్టర్లకు ఆయన సంగతి తెలుసు.

"సార్, గియ్యాల్టిది దేనితోటి పోతది?"

"పదమూడుతోటి."

పోయే టికెట్లు దిగగానే పారేసేవారు. దేనితోనూ పోనిది దొరికితే చొక్కా జేబులో పెట్టుకునేవారు. ఎందుకని ఒకసారి అడిగాను.

"ఇంతమందిల ఇది ఎవ్వనికీ లొంగలే. జర మర్యాద ఇయ్యాలె గద."

నెలకొక ఆదివారం మూడు ఊళ్ళలోనూ ఒకే పరీక్ష ఉండేది. తొమ్మిది ప్రశ్నలు మామూలువి. పదోది మాత్రం సారు సొంతంగా తయారుచేసిన సైక్లోస్టైల్ పుస్తకం నుంచి వచ్చేది. ఆ పుస్తకంలో తొమ్మిది అధ్యాయాలు, అధ్యాయానికి నలభై లెక్కలు. ర్యాంకు తేల్చేది ఆ పదో ప్రశ్నే. ఏడాది చివర మూడు ఊళ్ళలో కలిపి ముందున్న ముగ్గురికి హైదరాబాదులో ఎంట్రన్స్ కోచింగ్ ట్యుటోరియల్ వాళ్ళే ఇప్పించేవాళ్ళు. అందుకని ఒక్కో మార్కు మీద మూడు ఊళ్ళ కళ్ళూ ఉండేవి.

మొదట్లో పదో ప్రశ్నను సారు కవరులో పెట్టి, అతికించి పంపేవారు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు గుమస్తా కొడుకు చదివేవాడు. ఆ గుమస్తా ఒక ఆదివారం కవరు పట్టుకుని వేలితో తడిమి చూశాడట. "సార్, బంక ఇంక తడి ఆరలే. ఎవరో ఇప్పి మళ్ళ అతికిచ్చిన్రు." కోదాడ వాళ్ళ అనుమానం ఇంకొక రకం. సారు ఉండేది సూర్యాపేటలో కాబట్టి సూర్యాపేట పిల్లలకు ప్రశ్న ముందే తెలుస్తోందని వాళ్ళన్నారు. సారు ఎవరితోనూ వాదించలేదు. వారం రోజులు బస్సులో టికెట్ నెంబర్లు కూడా చూడకుండా ఆలోచించారు. తర్వాతి పరీక్షకు ముందు గురువారం, మూడు ఊళ్ళ బోర్డుల మీదా ఒకే పది అంకెల సంఖ్య రాయించారు.

"దీంట్ల ఆదివారం ప్రశ్న ఉన్నది. ఇయ్యాల్నే పెట్టేసిన. ఇగ నేను మార్చలేను, మీరు సూడలేరు."

ఆయన దగ్గర లక్ష లోపు ప్రధాన సంఖ్యల పుస్తకం ఉండేది, సొంత చేతిరాతతో ఎత్తి రాసుకున్నది. అందులోంచి రెండు అయిదంకెల సంఖ్యలు తీసి గుణించారు. అందులో ఒకదాని మొదటి అంకె అధ్యాయం, తర్వాతి రెండూ లెక్క నెంబరు. ఆఖరి రెండంకెలు సంఖ్య దేనితోనూ పోకుండా ఉండటానికి. పరీక్ష ఆఖరి అరగంటలో హాల్లో చీటీ విప్పి ఆ రెండు సంఖ్యలూ చెబుతారు. పిల్లలందరూ గుణించి బోర్డుతో సరిచూసుకున్నాకే లెక్క మొదలుపెట్టాలి.

వెనక బెంచీవాడు లేచాడు. "సార్, ప్రశ్న మా ముందరనె ఉంటె మేం తీస్కోమా?"

"తీస్కో. ఎవడొద్దన్నడు? మిర్యాలగూడ మిల్లుల సన్నబియ్యం, దొడ్డుబియ్యం ఒక్క బస్తాల కలపాలంటె ఎంతసేపు?"

"నిమిషం సార్."

"ఇడదియ్యాలంటె?"

"మా అమ్మకైతె నెల పడతది సార్."

"నీకు?"

"నేను కలిపే తింట సార్."

నవ్వులు ఆగేదాకా ఆగి, సారు బోర్డు మీద లెక్క వేశారు. ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగిస్తూ పోతే మూడు వేలకు పైగా భాగహారాలు. ఒక్కోదానికి రెండు నిమిషాలు. మొత్తం వంద గంటల పైమాట. గురువారం సాయంత్రం నుంచి ఆదివారం పొద్దుటి దాకా ఉన్నవి అరవై మూడు గంటలు. "కష్టమంటె కానే కానిది గాదు బిడ్డా. ఆదివారం లోపల కానిది. మనకు గంతే కావాలె."

నేను అడిగాను. "ఇంతకంటె దగ్గరి దారి లేదని ఎవరన్న రుజువు చేసిన్రా సార్?"

ఆయనకు ఆ ప్రశ్న నచ్చింది. సుద్దముక్కతో నా వైపు చూపించారు. "చెయ్యలే. ఇప్పటిదాక ఎవనికి దొరకలే, గంతే. దొరకలేదనుడు వేరు, లేదనుడు వేరు. రాసిపెట్టుకో."

రాసిపెట్టుకున్నాను.

మొదటిసారే కోదాడలో ఒక చిక్కు వచ్చింది. చీటీలోని ఒకటి అంకెను అక్కడి మాస్టరు ఏడుగా చదివాడు. నలభై మందికీ గుణకారం కుదరలేదు. అరగంట దాంతోనే పోయింది. అప్పటి నుంచి సారు రెండు సంఖ్యలకూ మొదటి మూడంకెలు ఒకటే పెట్టడం మొదలుపెట్టారు. ఒకటి తప్పు చదివినా రెండోది సరైన ప్రశ్న చెబుతుంది. తాళం వేసినా వెనక్కి వచ్చి గుంజి చూసే మనిషి ఇంకోలా ఎలా చేస్తారు?

నాకు పట్టికలు వేసే అలవాటు. ప్రతి పరీక్ష తర్వాతా ఆ జంటల మొదటి మూడంకెలను నోటు పుస్తకం వెనక రాసుకునేవాణ్ణి. మొదటి నెల 119, 871. రెండో నెల 214, 214. మూడో నెల 307, 307. నాలుగో నెల గురువారం బోర్డు మీద 1790559161 కనిపించింది. శుక్రవారం సాయంత్రం నా కిరాయి గదిలో పట్టిక ముందు పెట్టుకుని కూర్చుంటే విషయం దానంతట అదే కనిపించింది. రెండు సంఖ్యలూ దాదాపు సమానం. దాదాపు సమానమైన రెండు సంఖ్యల లబ్ధం దాదాపు ఒక వర్గం. అయితే వర్గమూలం తీస్తే చాలు.

వర్గమూలం తీయడం హైస్కూల్లోనే నేర్చుకున్నాం. తీశాను. 42315కు వెంట్రుకవాసి తక్కువ వచ్చింది. 42315 వర్గంలోంచి బోర్డు మీది సంఖ్యను తీసేస్తే 64 మిగిలింది. ఎనిమిది ఎనిమిదులు. 42315లోంచి ఎనిమిది తీస్తే 42307, ఎనిమిది కలిపితే 42323. రెండింటినీ గుణించాను. బోర్డు మీది సంఖ్య అంకె పొల్లుపోకుండా వచ్చింది. వంద గంటల పని నాకు పదకొండు నిమిషాలు పట్టింది.

అప్పుడే పరుగెత్తుకెళ్ళి సారుకు చెప్పాల్సింది. చెప్పలేదు. పుస్తకం తీసి నాలుగో అధ్యాయం, ఇరవై మూడో లెక్క చేశాను. ద్విపద సిద్ధాంతం మీద మొండి లెక్క. మూడు కాగితాలు ఖరాబయ్యాయి. నాలుగో కాగితంలో వచ్చింది. ఆదివారం హాల్లో చీటీ విప్పినప్పుడు అందరితో పాటు నేనూ తలవంచుకుని గుణించాను, అప్పుడే చూసినట్టు.

మూడు ఊళ్ళలో నేనే మొదట. అంతవరకు ప్రతిసారీ మొదట వచ్చే కోదాడ అమ్మాయి కంటే నాలుగు మార్కులు ఎక్కువ.

బుధవారం క్లాసు అయ్యాక సారు నన్ను ఉండమన్నారు. నా పేపరు బల్ల మీద పరిచి ఉంది.

"తొమ్మిది ప్రశ్నలల్ల పదకొండు కొట్టివేతలున్నయి. రెండుసార్లు లెక్కపెట్టిన. గీ పదో ప్రశ్నల ఒక్కటి లేదు. అన్నిట్లకు కష్టమైనదాంట్ల ఒక్కటి లేదు. గిది నువ్వు హాల్ల చెయ్యలే."

సారు పేపరును నా వైపు తిప్పారు.

"చీటీ ఎవరిచ్చిన్రు?"

"ఎవరియ్యలే సార్. సంఖ్యను నేనే ఇప్పిన."

సారు జేబులోంచి సుద్దముక్క తీసి ఇచ్చారు. పెద్ద సగం. దాన్ని ఆయన ఎవరికైనా ఇవ్వడం నేను అంతకుముందు చూడలేదు. బోర్డు మీద వర్గమూలం తీశాను, అరవై నాలుగు దాకా వచ్చాను, రెండు సంఖ్యలూ రాశాను. సారు దగ్గరికి వచ్చి కింద వేలు పెట్టి, ఒక్కో వరుసా ఎక్కుతూ పైదాకా చూశారు. మళ్ళీ కిందికి దిగి ఇంకోసారి చూశారు. అప్పుడు ఆయన ముఖంలో వచ్చిన సంతోషాన్ని నేను ఇంకెవరి ముఖంలోనూ చూడలేదు.

"తాళం గట్టిదే రా. నేనే తాళంచెవిని దాని మీద చెక్కిన. రెండు ఒక్కతీరుగ ఉన్న కాడ దారి పడతది." చేతులు దులుపుకున్నారు. "ఇప్పుడు ఇను. నువ్వు చేసింది మంచి లెక్క. రాసింది దొంగ జవాబు. రెండు ఏర్వేరు. రేపు నాతోటి కోదాడ వస్తవు, గీ బోర్డు మీద చేసినట్టే గాడ చేస్తవు."

ఈ మాటలు పక్క గదిలోని కరస్పాండెంటుకు వినిపించాయి. ట్యుటోరియల్ ఆయనదే. చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చాడు.

"సార్, మీకు దండం పెడత. గిది బయటపడితె మన ఇజ్జత్ ఖతం. అడ్మిషన్లు దగ్గర పడ్డయి. పిలగాని మార్కులు గమ్మున తీసెయ్యిన్రి. ఎవరికి తెలుస్తది?"

"ఎవరికి తెల్వదు. గందుకే చెప్పాలె."

"సార్..."

"ఆ సంఖ్య ఎందుకు పెట్టిన? నన్ను నమ్మే అవసరం ఎవ్వనికీ లేకుంట చెయ్యనీకి. పగిలినంక గమ్మునుంటె, బంక కవరుకు దీనికి ఏం ఫరక్ ఉన్నది?"

"చెప్తె వచ్చే ఏడు మీరు గీడ ఉండరు."

"సరే."

అంతే అన్నారు. గదికి తాళం వేశారు. పది అడుగులు నడిచారు. వెనక్కి వచ్చి గుంజి చూశారు. నేను షెడ్డు బయట నిలబడి ఉన్నాను. నా పదకొండు నిమిషాల వల్ల ఆయన ఉద్యోగం పోబోతోందని అప్పుడు అర్థమైంది. చెప్పొద్దు సార్ అనబోయాను. ఆయన నన్ను దాటిపోతూ, "పొద్దుగాల ఏడింటి బస్సు" అన్నారు.

బస్సులో నా టికెట్ కూడా తీసుకుని చూశారు. "నీది మూడుతోటి పోతది" అని వెనక్కి ఇచ్చేశారు.

కోదాడలో నలభై మంది ముందు నిలబడి రెండు ముక్కల్లో చెప్పేశారు. "నా సంఖ్య పగిలింది. పగలగొట్టినోడు వీడే. ఎట్లనో వాడే చెప్తడు."

చెప్పాను. పదో జవాబులో ఒక్క కొట్టివేత కూడా లేక సారుకు దొరికిపోయిన సంగతీ చెప్పాను. ముందు బెంచీలో ఆ అమ్మాయి నాతో పాటు తన పుస్తకంలో గుణిస్తూ వచ్చింది. పూర్తయ్యాక లేచింది.

"అంటే సార్, మీరు ముందుగా ఎవరికీ చెప్పలేదు. ఇతనే కనిపెట్టాడు. అంతేగా?"

"గంతే."

"మరి నా నాలుగు మార్కులు?"

క్లాసు గొల్లుమంది. సారు కూడా నవ్వారు. "మళ్ళ పరీక్ష పెడత. ముందుగాల ఒకటి చెప్పు. ఇప్పుడు ఏం జెయ్యాలె?"

ఆమె బోర్డు మీది రెండు సంఖ్యలనూ చూపించింది. "రెండింటినీ దూరం దూరంగా పెట్టండి సార్. ఒకదాంట్లోనే ప్రశ్న ఉండాలి. రెండోదానికి మొదటిదాంతో సంబంధమే ఉండకూడదు."

"ఒకటి తప్పు చదివితె?"

"నెమ్మదిగా చదవమనండి."

కూర్చునే ముందు నా వైపు తిరిగింది. "ఈసారి మధ్యలో రెండు కొట్టివేతలు పెట్టుకో. నమ్ముతారు."

శుక్రవారం మిర్యాలగూడలోనూ అదే చేశాం. అక్కడ ఆ మిల్లు గుమస్తా వచ్చి వెనక నిలబడి అంతా విన్నాడు. చివర సారు దగ్గరికి వచ్చాడు. "మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పిన్రు సార్. ఇగ మా పిల్లలు గుణించుడు అవసరం లేదు. మీ మాట సాలు."

ఆ రెండు రోజుల్లో సారుకు కోపం వచ్చింది అప్పుడొక్కసారే. "సాలదు. గుణించాలె. మీరు గుణించకుంటె నేను సంఖ్య పెట్టుడెందుకు?"

మళ్ళీ పరీక్ష జరిగింది. ఈసారి సంఖ్య వర్గమూలానికి లొంగలేదు. నాకు తెలిసిన దారులన్నీ చూశాను, ఆదివారం లోపల ఏదీ తెరుచుకోలేదు. ఆ అమ్మాయి మొదట వచ్చింది. నేను మూడో స్థానం. నా పదో జవాబులో ఆరు కొట్టివేతలు, అన్నీ నిజమైనవే.

కరస్పాండెంటు తన మాట నిలబెట్టుకున్నాడు. ఏడాది కాగానే సూర్యాపేటలో సారు క్లాసు తీసేశాడు. కోదాడ, మిర్యాలగూడల్లో మాత్రం తీయలేకపోయాడు. ఆ గుమస్తా పది మంది తండ్రులను వెంటబెట్టుకుని వచ్చి షెడ్డులో కూర్చున్నాడు. లెక్కలకు ఆ సారు ఉంటేనే పిల్లలు ఉంటారని చెప్పి వెళ్ళాడు.

సారును నేను ఆఖరుసారి చూసింది సూర్యాపేట బస్టాండులో. తలవంచుకుని ఏదో అనబోయాను. ఆయన విననే లేదు. చొక్కా జేబులోంచి ఒక టికెట్ తీశారు, ఆయన దాచుకునే రకం, దేనితోనూ పోనిది. దాని వెనక 2774246747 అని రాసి, కింద నుంచి ఒక్కో అంకే సరిచూసి నా చేతిలో పెట్టారు.

"దీంట్ల నీకొక ప్రశ్న ఉన్నది. దీనికి ఆదివారం లేదు. ఎన్నేండ్లు పడితె గన్నేండ్లు."

కోదాడ బస్సు ఎక్కి వెళ్ళిపోయారు. నేను అక్కడే బెంచీ మీద కూర్చుని వర్గమూలం తీశాను. 52671 వచ్చి కొంత మిగిలింది. అందులో ఏ దారీ లేదు. టికెట్‌ను సైక్లోస్టైల్ పుస్తకంలో పెట్టాను. తర్వాత ఇంజనీరింగ్, తర్వాత ఉద్యోగం. కంప్యూటర్లు రోజూ చేతికింద ఉన్నా ఆ టికెట్ గుర్తుకు రాలేదు. సారు పోయిన సంగతి కోదాడ అమ్మాయి ఉత్తరం రాస్తే తెలిసింది. ఆమె ఇప్పుడు అక్కడే లెక్కలు చెబుతోంది. చివరి నెల దాకా గురువారం సంఖ్య రాయించారనీ, ఇప్పుడు తను రాస్తున్నాననీ, పిల్లలు గుణించకపోతే ఊరుకోననీ రాసింది.

మాన్యువల్‌లో ఆ మూడో జాగ్రత్త చదివిన రోజు ఇంటికి వెళ్ళి పుస్తకం వెతికాను. టికెట్ అందులోనే ఉంది. మరునాడు భోజనాల వేళ నాలుగు వరుసల ప్రోగ్రాం రాసి సంఖ్య ఎక్కించాను. మీట మీంచి వేలు తీసేలోపల జవాబు తెర మీద ఉంది. 42331, 65537.

రెండోది ప్రశ్న కాదు. దాని ప్రకారం ఆరో అధ్యాయంలో యాభై అయిదో లెక్క కావాలి, అధ్యాయానికి ఉన్నవే నలభై. మిగిలింది మొదటిది. 423. నాలుగో అధ్యాయం, ఇరవై మూడో లెక్క.

పుస్తకం బ్యాగులోనే ఉంది. తెల్లకాగితం తీసుకుని మొదలుపెట్టాను. అప్పట్లో వచ్చిన దారి ఒక్క ముక్క కూడా గుర్తులేదు. మూడో వరుసలో గుర్తు తప్పింది, కొట్టేశాను. ఏడో వరుసలో ఒక పదం వదిలేశాను, అదీ కొట్టేశాను. భోజనాల వేళ దాటిపోయింది. జవాబు వచ్చాక దాని కింద వేలు పెట్టి, ఒక్కో వరుసా ఎక్కుతూ ప్రశ్న దాకా సరిచూశాను.

మొత్తం రెండు కొట్టివేతలు. రెండుసార్లు లెక్కపెట్టాను.